నాయనమ్మ మార్చి చెప్పిన మాటలు

ఆ రోజు మా కొలిమి ముందు ఉన్నవి ఇవి. ఇనుము పెట్టి కొట్టే దాగలి ఒకటి. సమ్మెటలు రెండు, వాటిలో ఒకదాని కర్ర కామ పగిలితే తాడు చుట్టి వాడుతున్నారు. పొడుగాటి పట్టుకార్లు మూడు. నేల మీద గుండ్రంగా పేర్చిన పిడకల వరుస, ఆ వరుసలో కాల్చడానికి పక్కన సిద్ధంగా, చక్రాలకు తొడిగే ఇనుప పట్టాలు రెండు. బల్లపరుపు రాయి మీద ఒక బండి చక్రం, గోడకు ఆనించి ఇంకొకటి. నీళ్లు నింపిన కుండలు, రెండు బిందెలు, తుప్పు పట్టిన ఒక కిరోసిన్ డబ్బా.

ఉన్నవాళ్లు: కమ్మరి పని చేసే మా తాత. వడ్రంగి పని చేసే వడ్ల తాత, అంటే మా నాయనమ్మకు సొంత అన్న. ఆ బండి యజమాని పటేల్, ఆయన ఇద్దరు జీతగాళ్లు. తొమ్మిదేళ్ల నేను. వీళ్లందరి మధ్య మా నాయనమ్మ.

లేనిది తాతకూ వడ్ల తాతకూ మధ్య మాట.

ఇది రాయమని అడిగిన అంకుల్ తీయగా రాయమన్నారు. కుదరదని అప్పుడే చెప్పాను. అయినా రాయమన్నారు.

ఆయన అడిగింది ఈ పరాయి దేశంలో మా తెలుగువాళ్ల సభలో. సెంగ్‌కాంగ్‌లో కొత్తగా కట్టిన కాండో, అంటే అపార్ట్‌మెంట్ల సముదాయం, కింద ఫంక్షన్ రూమ్. వచ్చినవాళ్లలో ఎక్కువమంది నాలాగే బ్యాంకుల కంప్యూటర్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని మీద ఈ దేశం వచ్చినవాళ్లు. వేదిక మీద 'మన పల్లె' అని బోర్డు పెట్టి థర్మోకోల్‌తో ఒక కొలిమి చేశారు. ఎర్ర కాగితం లోపల బల్బు, మంట ఊగినట్టు కనిపించడానికి వెనక టేబుల్ ఫ్యాను. అంకుల్ వాళ్ల అమ్మాయికి ఏడేళ్లుంటాయి. దాన్ని చూసి, "డాడీ, బార్బెక్యూ పిట్ లోపల పెట్టారేంటి? నాట్ అలౌడ్ లా!" అంది ఇక్కడి యాసలో. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ఆ కొలిమి గురించి ఎవరైనా అన్న నిజమైన మాట అదొక్కటే.

తర్వాత అంకుల్ మైకు తీసుకున్నారు. "ఆ రోజుల్లో కమ్మరి, వడ్రంగి, రైతు ఒకే కుటుంబంలా ఉండేవాళ్లండీ. కోపాల్లేవు, పంతాల్లేవు. ఒకరి పనిలో ఒకరు చెయ్యేసేవాళ్లు."

సమోసాల బల్ల దగ్గర నిలబడి నేను పైకే నవ్వాను.

"ఏంటి బాబూ, నవ్వొస్తోందా?"

"మాది కమ్మరి ఇల్లే అంకుల్."

"మరి చెప్పవే! నీలాంటివాళ్లే రాయాలయ్యా. మన సావనీర్‌కి నాలుగు పేజీలు రాసివ్వు. స్వీట్‌గా ఉండాలి సుమా, పిల్లలు కూడా చదవాలి."

"అక్కడ స్వీట్‌గా ఏం లేదు అంకుల్."

"అంత కోపమెందుకయ్యా? ఇంత దూరం వచ్చాక తలుచుకునేటప్పుడైనా మంచిది తలుచుకోవాలి కదా."

"మంచిదొక్కటే తలుచుకుంటే అది మా ఊరు కాదు. మీ స్టేజీ."

ఎవరో సమోసాల పళ్లెం నా చేతికిచ్చి మాట మార్చారు.

బుకిట్ పంజాంగ్‌లో నేనుండే ఫ్లాట్ కిటికీ కింద ఎల్‌ఆర్‌టీ రైలు కోసం స్తంభాలు లేపుతున్నారు. పగలంతా వెల్డింగ్ వాసన పైకి వస్తుంది. నా రూమ్మేట్ ఆ వాసనకు, "మీ ఊరు గుర్తొస్తోందా?" అని అడుగుతాడు. రాదు. వెల్డింగ్ వాసన ముక్కు చివర కుట్టిపోతుంది. మా కొలిమి వాసన గొంతులో దిగి కూర్చునేది. దాంట్లో బొగ్గు ఉండేది, పిడకల పొగ ఉండేది, నాయనమ్మ గాలి ఊదే తిత్తి తోలుకు పట్టించిన ఆముదం ఉండేది, తాత చెమట ఉండేది. ఎర్రటి ఇనుము నీళ్లలో మునిగినప్పుడు వచ్చే ఆవిరిది ఇంకో వాసన. అది అన్నంలోకి కూడా వచ్చేది. నాకు ఆ వాసన ఇష్టం లేదు. ఇప్పటికీ లేదు.

ఇష్టమైనవి కూడా రాయకపోతే లెక్క తప్పుతుంది. కొలిమి బూడిదలో చింతగింజలు పూడ్చి, అవి టప్పుమని పగిలినప్పుడు ఏరుకుని నమలడం. పాడైన రేడియో స్పీకర్ లోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని దాగలి చుట్టూ మట్టిలో తిప్పితే ఇనుప రజను ముళ్లపందిలా లేచి అంటుకోవడం. ఒకసారి ఆ రజనును తాత తంబాకు డబ్బాలో కలిపాను. తాత పట్టుకారు పిడితో నా పిక్కల మీద కొట్టాడు. ఇనుమును ఎంత బలంగా కొట్టాలో, పిల్లవాణ్ణి ఎంత బలంగా కొట్టాలో ఆయన చేతికి తేడా తెలియదు. నాయనమ్మ అడ్డం వస్తే ఆమెకూ ఒకటి తగిలింది. ఆయన ఆపలేదు.

ఇక ఆ ఇద్దరి సంగతి.

కొత్త చక్రానికి కమ్మరీ వడ్రంగీ ఇద్దరూ కావాలి. చెక్క చక్రం వడ్రంగి చేస్తాడు. దాని చుట్టూ వేసే ఇనుప పట్టా కమ్మరి చేస్తాడు. పట్టాను చక్రం కంటే కాస్త చిన్నగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చక్రానికి తొడుగుతారు. వెంటనే నీళ్లు పోస్తే పట్టా కుంచించుకుపోయి చక్రం మధ్య పుల్లల్ని, అంటే ఆకులన్నింటినీ, లోపలికి బిగిస్తుంది. పట్టా చిన్నదైతే ఆకులు విరుగుతాయి. పెద్దదైతే నడిదారిలో ఊడిపోతుంది. చెక్క పచ్చిదైతే, ఎండాక అదే కుంచించుకుపోయి పట్టా వదులవుతుంది.

నేను పుట్టకముందు ఎప్పుడో ఒక రైతు బండి పట్టా వాగు దగ్గర ఊడింది. చెక్క పచ్చిదని తాత అన్నాడు. పట్టా వదులని వడ్ల తాత అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి బావా బావమరుదుల మధ్య మాట లేదు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేను లెక్క వేసి చూశాను. అంత చక్రానికి పట్టా ఎర్రబడితే చుట్టుకొలత మూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చెక్క ఎండి కుంచించుకుపోయినా దాదాపు అంతే తేడా రావచ్చు. ఎవరిది తప్పో తేల్చడానికి కావలసిన కొలత ఒక్కటీ ఎవరి దగ్గరా లేదు. వాళ్లు పోట్లాడింది కొలత కోసం కాదని అర్థం కావడానికి నాకు ఇంకొన్నేళ్లు పట్టింది.

తాత నాయనమ్మకు ఒక షరతు పెట్టాడు. అన్న గడప తొక్కితే మళ్లీ ఈ గడప తొక్కవద్దు. అన్న ఇల్లు మా వాకిట్లోంచి కనిపిస్తుంది. పండుగకు వాళ్లింట్లో ఏం వండుతున్నారో గాలి వాటంగా ఉంటే వాసన వచ్చేది. వదిన కాన్పులకు ఆమె వెళ్లలేదు. అన్న కొడుకు పెళ్లికీ వెళ్లలేదు. ఊళ్లో ఎవరికైనా బండి చక్రాలు చేయాలంటే మాత్రం వడ్ల తాత చక్రం దొర్లించుకుంటూ మా కొలిమికి రావాల్సిందే. నాయనమ్మ తన అన్నను దగ్గరగా చూసేది ఆ రోజుల్లోనే. వానలకు ముందు, బళ్లు బాగు చేసుకునే ఆ కొద్ది వారాల్లో. ఆ ఉదయాల్లో ఆమె తల దువ్వుకుని, రొట్టెలు ఎక్కువ చేసేది.

ఆ ఇద్దరూ నాయనమ్మ ద్వారా మాట్లాడుకునేవాళ్లు. పది అడుగుల దూరంలో నిలబడి, ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తుండగా.

తాత అనేవాడు: "పచ్చి కట్టె తెచ్చి నా మొకాన పడేస్తుండు, సిగ్గుండాలె అని చెప్పు."

నాయనమ్మ అటు తిరిగి: "అన్నా, కట్టె ఇంకో రెండు దినాలు ఎండితే మంచిగుంటదంటుండు."

వడ్ల తాత: "నాకు కట్టె నేర్పుతడా? కొలిమి కాడ కూసున్న కోతికి గూడ గాయన కంటె ఎక్కువ తెలివుంటదని చెప్పు."

నాయనమ్మ ఇటు తిరిగి: "సరే అంటుండు. ఎండబెడ్తడంట."

ఇద్దరూ తలాడించి పనిలో పడేవాళ్లు. అసలు మాట విననట్టే. నాకు ఇది చాలాకాలం అంతుపట్టలేదు. ఒకరోజు అడిగాను.

"నాయనమ్మా, వాళ్లకు ఇనబడ్తది గద?"

"ఇనబడ్తది."

"మరి నువ్వు చెప్పుడెందుకు?"

"ఇనబడుడు వేరు బిడ్డా, చెప్పుడు వేరు. నేను చెప్పిందే లెక్క."

అలా ఎన్నో చక్రాలు తయారయ్యాయి. ఊళ్లోవాళ్లకు అది వినోదం. చక్రం ఎక్కించే రోజు పనిలేని మగవాళ్లు గోడ మీద కూర్చుని చూసేవాళ్లు. ఎవరూ ఒక్కసారి కూడా ఆమె పక్షాన మాట్లాడలేదు.

ఆ రోజు పటేల్ చక్రాలు రెండు. మొదటిది పొద్దున ఎక్కించారు. పిడకలు అంటుకుని పట్టా నల్లరంగు నుంచి ముదురు ఎరుపుకూ, అక్కడి నుంచి పండు మిరపకాయ ఎరుపుకూ వచ్చింది. తాత "లేపుమను" అన్నాడు, నాయనమ్మ "లేపుండ్రి" అంది. పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద వేసి సమ్మెటలతో దిగ్గొట్టారు. చెక్క భగ్గుమంది. నాయనమ్మ "పొయ్యిండ్రి" అంది, జీతగాళ్లు నీళ్లు పోశారు. ఆవిరి కమ్ముకుంది, ఆకులు కిర్రుమని బిగుసుకున్నాయి. చక్రం చక్కగా కుదిరింది.

మధ్యాహ్నం జొన్న రొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. తాత కొలిమి వైపు కూర్చున్నాడు, వడ్ల తాత వేపచెట్టు వైపు. నాయనమ్మ ఇద్దరికీ వడ్డిస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. పటేల్ కడుపు నిండిన తీరికలో అన్నాడు:

"గింత మంచిగ పని చేస్తిరి. ఇద్దరు మాట్లాడుకుంటే ఏం పోతదయ్యా?"

తాత రొట్టె తుంచుతూ అన్నాడు. "నాదేం లేదు పటేలా. అంతా గీమె వల్లనే. ఆడొకటి చెప్తది, ఈడొకటి చెప్తది."

అప్పుడు వడ్ల తాత తలెత్తాడు. "గది మాత్రం నిజమే పటేలా. మా చెల్లె నోట్లె మాట ఉన్నది ఉన్నట్టు రాదు. ఆయన అన్నది ఆయన అననట్టు, నేనన్నది నేను అననట్టు. ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఈ లొల్లి ఎప్పుడో తేలిపోతుండె."

"ఇన్నవా?" అని తాత నాయనమ్మతో అన్నాడు. "మీ అన్నే అంటుండు."

నేను ఎరిగినంతలో వాళ్లిద్దరూ ఒక విషయంలో ఒప్పుకోవడం అదే మొదలు. పటేల్ నవ్వాడు. "ఆడోళ్ల నోట్లె పడ్డ మాట గంతే తియ్యి." జీతగాళ్లూ నవ్వారు. వడ్ల తాత ముఖం మీద కూడా కాస్త నవ్వు కనిపించింది. తాత ఇంకో రొట్టె అడిగాడు.

నాయనమ్మ వెయ్యలేదు. మిగిలిన రొట్టెలను గుడ్డలో కట్టి చూరుకు వేలాడదీసింది. చేతులు కడుక్కుంది.

"ఉన్నదున్నట్టే చెప్త," అంది. "ఇగ ఒక్క మాట మార్చ."

ఎవరూ పట్టించుకోలేదు.

రెండో పట్టా ఎర్రబడింది. తాత అలవాటు ప్రకారం అన్నాడు: "అయింది, లేపుమను. గా ముసలి గద్దను రాయి కాడి నుంచి జరుగుమను."

నాయనమ్మ అన్న వైపు తిరిగి, గొంతు పెంచకుండా చెప్పింది. "అన్నా. 'అయింది, లేపుమను. గా ముసలి గద్దను రాయి కాడి నుంచి జరుగుమను' అంటుండు."

వడ్ల తాత ఆమెను చూశాడు. తాత కూడా చూశాడు. ఇద్దరూ ఎన్నోసార్లు ఒకరినొకరు అంతకంటే నీచంగా తిట్టుకున్నారు, ఆ మాటలు ఇద్దరి చెవులా పడ్డాయి. కానీ ఇది వేరు. ఇది చెప్పబడింది.

పట్టా అప్పటికే పట్టుకార్ల మీద ఉంది. తెచ్చి చక్రం మీద వేశారు. సమ్మెటలు పడుతున్నాయి. చెక్క అంచు మీద చిన్న చిన్న మంటలు లేచాయి.

వడ్ల తాత రాయి దగ్గరే నిలబడి అన్నాడు. "తాగి తూలుకుంట పట్టా అతికేటోడు నన్ను గద్ద అంటడా? అడుగు."

"'తాగి తూలుకుంట పట్టా అతికేటోడు నన్ను గద్ద అంటడా' అని అడుగుతుండు."

"నీ అన్న చేసిన చక్రం మీద పీనుగు గూడ కాటికి పోదని చెప్పు!"

"అన్నా, 'నీ అన్న చేసిన చక్రం మీద పీనుగు గూడ కాటికి పోదు' అంటుండు."

మంటలు కలిసిపోయి చక్రం చుట్టూ ఒకటే మంట అయింది. జీతగాళ్లు కుండలు పట్టుకుని నాయనమ్మ ముఖం చూస్తున్నారు. పొద్దున చక్రానికి వాళ్లు ఆమె మాటకే పోశారు.

ఒక సంగతి నాకు అక్కడ నిలబడి ఉండగానే తట్టింది. నీళ్లు ఎప్పుడు పోయాలో చెప్పాల్సింది వడ్రంగి, ఎందుకంటే చెక్క ఎంత కాలితే చాలునో తెలిసేది ఆయనకు. కానీ వడ్ల తాత ఆ మాట ఎన్నడూ నోటితో అనలేదు. కనుబొమ్మ ఎత్తేవాడు. నాయనమ్మ ఆ కనుబొమ్మను చూసి "పొయ్యిండ్రి" అనేది. ఇన్నేళ్లూ ఆ మాట ఆమెదే.

ఇప్పుడు ఆయన కనుబొమ్మ ఎత్తాడు. ఆమె చూసింది, ఏమీ అనలేదు. ఆయన మళ్లీ ఎత్తాడు.

"ఏమన్నవన్నా?" అంది.

"చూస్తలేవా?"

నాయనమ్మ తాత వైపు తిరిగింది. "'చూస్తలేవా' అంటుండు."

"ఏం జూడాలె?" అని తాత అరిచాడు.

"అన్నా, 'ఏం జూడాలె' అంటుండు."

వడ్ల తాత 'నీళ్లు' అనవచ్చు. తాత కూడా అనవచ్చు. ఒక్క మాట. నీళ్లు చేతికందే దూరంలో ఉన్నాయి. తాము చేసిన వస్తువు తమ కళ్లముందే కాలుతోంది. అయినా నోరు విప్పితే ఆ మాట ఎదుటివాడికి చెప్పినట్టవుతుందని ఇద్దరూ పళ్లు బిగించి నిలబడ్డారు. నేను వాళ్లను క్షమించనిది దీనికే.

చివరికి పటేల్ అరిచాడు. "ఏందే మీ లొల్లి! చక్రం కాలవట్టె! పొయ్యిండ్రిరా!"

జీతగాళ్లు కంగారులో ఇద్దరూ ఒకే పక్కన కుమ్మరించారు. ఒకవైపు పట్టా చల్లారి బిగిసింది, ఇంకోవైపు ఎర్రగానే ఉంది. ఫట్ ఫట్ మని ఆకులు విరిగాయి. ఆవిరి తొలిగేసరికి రాయి మీద ఒక వంకర వస్తువు ఉంది. సగం బొగ్గు, సగం చెక్క.

పటేల్ కాలితో దాన్ని ఒక్క తన్ను తన్నాడు. "రేపే పట్నం పోత. రబ్బరు టైర్లు ఏపిస్త. మీ పంచాయితీ మీరే పెట్టుకోండ్రి." మంచిగా కుదిరిన మొదటి చక్రాన్ని కూడా తీసుకుపోకుండా వెళ్లిపోయాడు.

తాత పట్టుకారు ఎత్తాడు. ఇనుము వైపు కాదు. నాయనమ్మ కదల్లేదు.

"గిది గూడ చెప్పాల్నా మా అన్నకు?" అంది.

చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. వడ్ల తాత వంగి బాడిశె, ఉలులు సంచిలో వేసుకుంటున్నాడు. చెల్లెల్ని కొట్టబోతున్నాడని ఆయనకు కనిపించింది. ఆపమని అనలేదు. అంటే తాతతో మాట్లాడినట్టవుతుంది. సంచి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా పోయాడు. కాసేపటికి తాత పట్టుకారు కింద పడేసి ఇంటి వెనక్కి నడిచాడు.

నాయనమ్మ చూరుకు కట్టిన మూట విప్పింది. దాగలి దిమ్మె మీద కూర్చుంది, ఆడవాళ్లు కూర్చోకూడదని తాత అనే దిమ్మె అది. ఎప్పుడూ అందరి తర్వాత తినేది. ఆ రోజు మిగిలిన రొట్టెలన్నీ ఉల్లిగడ్డ కొరుక్కుంటూ, తొందర లేకుండా ఒక్కతే తిన్నది. నాకు కూడా ఇవ్వలేదు. ఏడ్చిందని ఎవరైనా రాస్తే అది అబద్ధం.

తర్వాత జరిగినవి క్లుప్తంగా. పటేల్ బండికి రబ్బరు టైర్లు వచ్చాయి. ఆయన్ను చూసి మిగతా రైతులు, తర్వాత ట్రాక్టర్లు. తాత కొడవళ్లకు పదును పెట్టుకుంటూ మిగిలాడు. నాయనమ్మ మళ్లీ తిత్తి ముట్టలేదు. వడ్ల తాత పట్నంలో దర్వాజాలు చేసే దుకాణంలో కూలికి కుదిరి, పొద్దు పొడవకముందే పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. చక్రాల పని పోయింది కాబట్టి ఆయన మా కొలిమికి రావాల్సిన అవసరం కూడా పోయింది. నాయనమ్మ ఆ రోజు పోగొట్టుకున్నది అదే. మాట మార్చనని అన్నప్పుడు ఆ సంగతి ఆమెకు తెలుసునని నేను అనుకుంటాను. నోటి మీద నిందతో ఇంకొక చక్రం ఎక్కించడం కంటే అదే మేలనుకుంది.

మా ఊళ్లో కమ్మరీ వడ్రంగీ ఒకే కుటుంబం. అంకుల్ మైకులో చెప్పింది ఆ మేరకు నిజం.

నేను ఇంటర్ చదువుతుండగా వడ్ల తాత పోయాడు. కబురు వచ్చినప్పుడు నాయనమ్మ ఎవరినీ అడగకుండా లేచి నడిచింది. తాత వెనకే వచ్చాడు, నేను ఆయన వెనక. ఆమె లోపలికి వెళ్లింది. తాత అరుగు దిగువన, వీధిలోనే ఆగిపోయాడు. చాలాసేపటికి నాయనమ్మ గడపలోకి వచ్చింది. తాత భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేనొచ్చిన్నని చెప్పు," అన్నాడు.

"నువ్వే చెప్పు."

తాత తువ్వాల మళ్లీ భుజాన వేసుకుని కొలిమి వైపు తిరిగి వెళ్లిపోయాడు.

నాయనమ్మ ఇంకా ఉంది. నెలకోసారి పోస్టాఫీసు పక్కనున్న ఫోన్ బూత్‌కు వచ్చి నాతో మాట్లాడుతుంది. వానలు పడ్డాయా లేదా చెబుతుంది, ఇక్కడ అన్నం దొరుకుతుందా అని అడుగుతుంది. అన్న గురించి ఆమె ఎత్తదు, నేను అడగను. తాత ఆ షరతు పెట్టాక ఆమె తన అన్న గడప తొక్కింది ఒక్కసారి, ఆయన పోయిన రోజు.